పసుపెక్కిన ఎస్కేప్ కీ

ప్రాణం పోయేముందు రఘు చేసిన ఆఖరి పని, తన కీబోర్డుని తానే నేలకేసి కొట్టడం.

తిరువళ్ళూరులో రైల్వే స్టేషను వెనక వీధిలో, మేడమీది ఒంటిగదిలో ఉండేవాడు. గూఢచారి డిపార్ట్‌మెంటులో టెక్నీషియనుగా చేసి రిటైరైన మనిషి. వీధివాళ్లకి మాత్రం మిక్సీలు, రేడియోలు బాగుచేసే పెద్దాయన. ఆయుధపూజకి ముందురోజు మధ్యాహ్నం పాలవాడు తలుపు తోసి చూస్తే నేలమీద బోర్లా పడి ఉన్నాడు. మెడ మీద సూది గుచ్చిన ఎర్రటి చుక్క. పక్కన ముక్కలైన సర్క్యూట్ బోర్డు. ల్యాప్‌టాప్ బల్ల మీదే ఉంది, వాచీ చేతికే ఉంది. వచ్చినవాళ్లు పట్టుకుపోయింది పగిలిన కీబోర్డులోని నాలుగు మీటలు మాత్రమే.

"మీటలు నాలుగు పోయాయి," అంది రాజామణి, మర్నాడు పొద్దున చెన్నై ఆఫీసులో.

"కీకాప్‌లు మేడమ్," అన్నాడు చెంగల్రాయుడు, అలవాటు కొద్దీ.

రాజామణి సౌత్ డెస్క్ చీఫ్. మాట తక్కువ, టీ ఎక్కువ. ఎదురుగా కూర్చున్న చెంగల్రాయుడు నలభై దాటిన ఏజెంటు, పళ్ళిపట్టు పక్క నేతవాళ్ల ఇంటి బిడ్డ. ఉద్యోగంలో చేరిన కొత్తలో టెర్మినల్ రూములో రఘు పక్కనే కూర్చుని వేళ్లు అరిగేలా టైపు కొట్టాడు. అప్పటినుంచీ పాత కీబోర్డులంటే పిచ్చి. కొత్త కీబోర్డు మీద చెయ్యి పెట్టాల్సి వస్తే ఉప్పులేని కూడు తిన్నట్టు మొహం పెట్టేవాడు. ఇన్నేళ్లూ ఆ పిచ్చిని చూసి ఆఫీసంతా నవ్వుకుంది. ఇవాళ ఎవరికీ నవ్వు రాలేదు.

"మన లాక్‌బాక్స్ పెట్టె పోయిన సంగతి తెలుసుగా?"

"తెలుసు."

"అది తెరవడానికి నాలుగు చిప్పులు కావాలి. వాటిని రఘు తన పాత కీకాప్‌లు నాలుగింట్లో దాచాడు. ఎస్కేప్, ఎంటర్, ఏ, ఎల్. కీ నొక్కగానే కింది బోర్డు ఆ చిప్పుని చదువుతుంది. హంతకులు లోపలికి వచ్చేసరికి బోర్డు పగలగొట్టగలిగాడు. కాప్‌లని పాడుచేసే టైము దొరకలేదు."

"ఎవరు?"

"క్రోల్."

క్రోల్ ఏ దేశస్థుడో అతని పాస్‌పోర్టులకే తెలియదు. రహస్యాలు కొని, రహస్యాలు అమ్మే ముఠాకి నాయకుడు. అయిదు దేశాల పోలీసులు ఉచ్చు పన్నితే అయిదుసార్లూ ముందు తలుపు గుండానే నడిచి వెళ్లిపోయినవాడు.

"పెట్టె తెరిస్తే ధరణితో మాట్లాడే లైను అతని చేతికి వస్తుంది," అంది రాజామణి. "ఆ లైనులో ఎక్కడికి రమ్మంటే అక్కడికి ధరణి వస్తుంది. కొనేవాళ్లు అక్కడ కాచుకుని ఉంటారు."

ధరణి చెంగల్రాయుడి చేతికింద పని నేర్చుకున్న పిల్ల. అతని పక్క ఊరిది. డిపార్ట్‌మెంటులో అందరూ అతన్ని సార్ అంటే ఆమె ఒక్కతే మామా అనేది. రెండేళ్లుగా పరాయి దేశంలో, పరాయి పేరుతో, ఒక తివాచీల దుకాణంలో కూర్చుంటోంది. ఆ పెట్టెలోంచి వచ్చే పిలుపుని తప్ప దేన్నీ నమ్మొద్దని ఆమెకి నేర్పినవాడు చెంగల్రాయుడే. బాగా నేర్చుకుంది. అదే ఇప్పుడు అతని గుండెల మీద బండయి కూర్చుంది.

"ఇంకో దారిలో హెచ్చరించలేమా?"

"మనిషిని పంపాం. చేరేసరికి ఎల్లుండి అవుతుంది. క్రోల్ ఈ సాయంత్రమే అమ్మకం పెట్టాడు. కొత్త బోర్డు తయారుచేయించాడు. కానీ నలభై ఏళ్లనాటి కాప్‌లని ఈనాటి స్విచ్‌ల మీద కూర్చోబెట్టడం అతని మనుషులకి చేతకాదు. తెలిసిన చెయ్యి కోసం వెతుకుతున్నాడు. ఆ చెయ్యి మీదే."

"నన్ను లోపలికి పంపేదెవరు?"

"అభినయ. కీబోర్డుల గురించి వీడియోలు చేస్తుంది, లక్షలమంది చూస్తారు. క్రోల్‌కి పనిచేస్తుంది. మనకీ పనిచేస్తుంది."

"ఎవరికి నిజంగా పనిచేస్తుంది?"

రాజామణి టీ తాగింది. "అదీ కనుక్కోండి."

బయటికి వస్తూ చెంగల్రాయుడు స్టోరు దగ్గర ఆగాడు. పొద్దున్నే పూజ అయిపోయింది. పిస్తోళ్లన్నీ పీట మీద వరసగా పడుకుని ఉన్నాయి, ఒక్కొక్క దానికీ గంధం బొట్టు, కుంకుమ, చామంతి పువ్వు. స్టోరు గుమాస్తా చేతులు కట్టుకుని కాపలా కాస్తున్నాడు. పూజ చేసిన ఆయుధాన్ని ఆ రోజు తాకకూడదు. చీఫ్ రాతలో ఇస్తే బొట్టు తుడిచి ఇస్తానన్నాడు గానీ, మొహం చూస్తే వాడి కన్నబిడ్డని అడిగినట్టుంది.

"వద్దులేబ్బా," అన్నాడు చెంగల్రాయుడు. "కీబోర్డులు బాగుచేసేవాడి నడుముకి తుపాకీ ఎందుకు?"

తీసుకున్నది ఒకే ఒక గాడ్జెట్. కీకాప్ పుల్లర్, అంటే కీకాప్‌లని ఊడదీసే తీగ పనిముట్టు. పిడిలో ట్రాన్స్‌మిటర్. రెండుసార్లు నొక్కితే చాలు, మనవాళ్లు వాలిపోతారు.

మధ్యాహ్నం దాటాక తిరుత్తణిలో లోకల్ రైలు దిగినవాడు చెంగల్రాయుడు కాదు. హైదరాబాదు నుంచి వచ్చిన మహేష్. గడ్డానికి నెరుపు, మెడలో హెడ్‌ఫోన్లు, వయసుకి తగని టీషర్టు. బస్‌స్టాండు పక్కన దేవేంద్రన్ బుట్టలో పొరి, అంటే మరమరాలు, పోసుకుని అమ్ముతున్నాడు. అతనూ డిపార్ట్‌మెంటు మనిషే. పండగపూట ఆ ఊళ్లో పొరి, శనగపప్పు అమ్మేవాణ్ణి ఎవరూ రెండోసారి చూడరు.

"పొరిలో రాళ్లుండాయా?"

"ఉంటే ఏరి ఇస్తాము సామీ."

పొట్లం చేతికి వచ్చింది. అంతలో తెల్ల వ్యాను ఆగింది. దిగిన అమ్మాయిని చూసి టీకొట్టు మొత్తం టీ తాగడం మరిచిపోయింది. నల్ల చీర, పొట్టి జుట్టు, చలువకళ్లద్దాలు. ఆమె అభినయ అని వేరే చెప్పక్కర్లేదు.

"మీ దగ్గర ఏ కీలు ఉన్నాయి?" అని అడిగింది.

"ఎస్కేప్ తప్ప అన్నీ," అన్నాడు. కోడ్ కుదిరింది.

వ్యాను తలుపు మూసుకోగానే కళ్లకి గంతలు పడ్డాయి. ఫోను పోయింది. అది ఊహించిందే. ఆ తర్వాత ఒక మెత్తటి చెయ్యి అతని జేబులోకి దూరి, పుల్లర్‌ని పట్టుకుని, పిడిని ఒకసారి తడిమి, తీసేసుకుంది.

"ఇది మీకు అవసరం లేదు మహేష్ గారూ," అంది అభినయ గొంతు, నవ్వుతూ.

నన్ను అమ్మేసింది, అనుకున్నాడు చెంగల్రాయుడు.

వ్యాను మలుపులు తిరిగి తిరిగి ఆగింది. కొండమీది గుడి మైకు ఇంకా వినబడుతోంది కాబట్టి ఊరు దాటలేదని తెలుసు. అంతకన్నా ఏమీ తెలియదు. గంతలు విప్పేసరికి ఎదురుగా మగ్గాలు. టార్పాలిన్లు కప్పిన పవర్‌లూములు, గోడలకి బూజు, గాలిలో పాత నూనె కంపు. కిటికీలకి రేకులు కొట్టేశారు. ఉన్నది ఒకటే తలుపు, దానికి లోపలినుంచి తాళం. తాళంచెవి పంచె కట్టుకున్న ఒక పెద్దమనిషి మొలతాడుకి వేలాడుతోంది. అతను పచ్చయ్యప్ప. షెడ్డు అతనిదే. మగ్గాలు ఆగిపోయాక ఎవరో దొర వచ్చి, తలుపు తియ్యకుండా ఉంటే బాడిగ ఇస్తానన్నాడు. షెడ్డు ఇచ్చాడు, అంతే.

గుమ్మంలోనే క్రోల్ మనిషి ఒకడు చేతిలో స్కానరు పట్టుకుని చెంగల్రాయుణ్ణి నెత్తినుంచి పాదాల దాకా తడిమాడు. అది కూయలేదు. జేబులో పొరి పొట్లం తప్ప ఏమీ లేదు మరి.

క్రోల్ బల్ల వెనకనుంచి లేచాడు. బక్కపల్చని మనిషి, ఇస్త్రీ నలగని సూటు, చేతిలో సైలెన్సరు పిస్తోలు. ఇంగ్లీషు మెల్లగా, ముక్కలు ముక్కలుగా మాట్లాడతాడు.

"మిస్టర్ మహేష్. నాలుగు కాప్‌లు. నాలుగు స్విచ్‌లు. ఒక్కొక్కటిగా ఇస్తాను. పని అయ్యేదాకా తలుపు లేదు."

"ఏదైనా విరిగితే?"

"చిప్పు తీగని అతికించడానికి నాకు ఒక్క రోజు పడుతుంది. నీకు ఆ ఒక్క రోజు ఉండదు."

చెంగల్రాయుడు లెక్క వేసుకున్నాడు. కాప్‌ని కావాలని విరిచేస్తే తను ఈ పూటే చస్తాడు, రేపటికి క్రోల్ అతికించుకుంటాడు. హెచ్చరిక ధరణికి చేరేది ఎల్లుండి. బయటివాళ్లకి తనెక్కడున్నాడో తెలియదు. చెప్పే సాధనం అభినయ చేతిసంచిలో ఉంది. ఆవిడ మగ్గం అంచున కూర్చుని గోళ్లు చూసుకుంటోంది. ఎటు తిరిగినా గోడే. భయం వేసింది, బాగానే వేసింది. తనకోసం కొంత, తివాచీల దుకాణంలో కూర్చునే పిల్లకోసం ఎక్కువ.

మొదటి కాప్ చేతికొచ్చింది. 'ఏ'. ఎండకి, ఏళ్లకి పసుపెక్కిన ప్లాస్టిక్. రఘు చేతి నునుపు దాని మీద ఇంకా ఉంది. దాన్ని వెనక్కి తిప్పి చూశాడు.

పాత కీకాప్‌లలో రెండు రకాలు ముఖ్యం. ఒక రకానికి అడుగున నాలుకలాంటి పలక ఉంటుంది, అది స్విచ్ గాడిలోకి దిగుతుంది. రెండో రకానికి అడుగున ప్లస్ ఆకారంలో రంధ్రం ఉంటుంది, స్విచ్ మీద లేచిన ప్లస్ కాడ అందులోకి దూరుతుంది. ఈనాటి స్విచ్‌లన్నీ దాదాపు ప్లస్ కాడవే. నాలుక రకమైతే, దీనికీ దానికీ పొత్తు కుదరదు దొరా అని చెప్పి కాలం గడిపే వీలుండేది. రఘు కాప్‌లు ప్లస్ రంధ్రం రకం.

"సరిపోతుంది," అన్నాడు క్రోల్, అతని భుజం మీదుగా చూస్తూ. "ప్లస్‌కి ప్లస్."

ప్లస్‌కి ప్లస్ సరిపోతే ఈ కీబోర్డు పిచ్చివాళ్ల లోకంలో సగం ఏడుపులు ఉండేవే కావు, అనుకున్నాడు చెంగల్రాయుడు. కొన్నేళ్ల కిందట ఒక కంపెనీ చేసిన స్విచ్‌లలో కాడ వెంట్రుకవాసి లావుగా వచ్చింది. కొత్త కాప్‌లు సాగి ఓర్చుకున్నాయి. పాతవి ఓర్చుకోలేదు. పెట్టినప్పుడు బిగువుగా, బ్రహ్మాండంగా కూర్చునేవి. కాసేపయ్యాక లోపలి గొట్టం నిలువునా చీలేది. ఎన్నో దేశాల్లో ఎందరో పెద్దమనుషులు ఆ చీలికలు చూసి కంటతడి పెట్టారు. తర్వాత కంపెనీ అచ్చు సరిచేసింది. రఘు చిప్పు తీగ ఆ గొట్టం చుట్టూనే తిరిగి ఉంది. గొట్టం చీలితే తీగ తెగుతుంది.

బల్లమీద స్విచ్‌ల డబ్బాలు రెండున్నాయి. ఒకటి నల్లది, ఒకటి తెల్లది. లేబుళ్లు చింపేసి ఉన్నాయి. రెండింట్లోనూ ఆ కంపెనీ స్విచ్‌లే, కానీ లావు కాడ పాతవి ఎందులో, సరిచేసినవి ఎందులో తెలియదు.

"ఏవి వాడను?" అన్నాడు చెంగల్రాయుడు అమాయకంగా.

"నువ్వే కదా నిపుణుడివి," అన్నాడు క్రోల్.

పక్కనున్న మామూలు కాప్ ఒకటి తీసి నల్లడబ్బాలోని స్విచ్ మీద నొక్కాడు. బిగువుగా ఉంది. తెల్లదాని మీద నొక్కాడు. అదీ బిగువే. నల్లది ఇంకొంచెం ఎక్కువా? వేలికి చెమట పట్టింది, వేలి మాట నమ్మేలా లేదు. ఇంకోసారి చూద్దామని చెయ్యి చాపేసరికి పిస్తోలు మొన మణికట్టు మీద వాలింది.

"ఇది ప్రయోగశాల కాదు."

"నల్లవి," అన్నాడు చెంగల్రాయుడు.

కొత్త బోర్డులో నాలుగు నల్ల స్విచ్‌లు దిగాయి. వాటి మీద ఏ, ఎల్, ఎంటర్, చివరికి ఎస్కేప్, ఒక్కొక్కటే కూర్చున్నాయి. కూర్చుంటే కదలవు, పుల్లర్ లేకుండా రావు. తన పరిస్థితీ అదే. అచ్చు సరిచేసిన స్విచ్‌లే నల్లడబ్బాలో ఉంటే, ధరణిని తన చేత్తోనే అమ్మేసినట్టు. ఇక చెయ్యగలిగింది ఏమీ లేదు, కాలం సాగదియ్యడం తప్ప. చీలాలన్నా దానికి కాస్త సమయం కావాలి.

క్రోల్ లాక్‌బాక్స్‌ని బోర్డుకి తగిలించి, కొనేవాళ్లకి ఫోను కలపడంలో పడ్డాడు. చెంగల్రాయుడు జేబులోంచి పొట్లం తీసి గుప్పెడు పొరి పచ్చయ్యప్పకి పెట్టాడు.

"తిను అన్నా. పండగ గదా."

పచ్చయ్యప్ప ఎగాదిగా చూశాడు. "నువ్వు ఐద్రాబాదంటివే. నీ మాట మా పక్క మాదిరే ఉండాదే?"

చెంగల్రాయుడు నాలుక కరుచుకున్నాడు. అభినయ తల ఎత్తింది. ఆమెకి తెలుగు వచ్చు, క్రోల్‌కి రాదు. ఒక్క మాట చెబితే తన పని అయిపోతుంది. ఆమె మళ్లీ గోళ్లు చూసుకుంది.

"మా అమ్మది పళ్ళిపట్టు పక్క. మగ్గమోళ్లమే," అన్నాడు. "అందుకే అడగతా ఉండా. మగ్గాలకి ఒక బొట్టన్నా పెట్టలేదేమన్నా?"

పచ్చయ్యప్ప నోట్లో పొరి అలాగే ఆగిపోయింది. "పెట్టాల. దొర వద్దన్నాడు."

"మా తాత కాలం నుంచి ఒక్క ఏడు తప్పలేదు మా ఇంట్లో. మగ్గం ఆడినా ఆడకపోయినా. ఆడని మగ్గానికి ఇంకా ముఖ్యం అనేది మా అమ్మ. మళ్లా ఆడాలని దానికీ ఉంటుంది గదా."

అది నటన కాదు. అమ్మ నిజంగానే అలా అనేది. పచ్చయ్యప్ప టార్పాలిన్ల వైపు చూశాడు. మొహం ముడుచుకుంది. కోపం దొర మీదో, తన మీదో తెలియదు.

"పూసనికాయ తెచ్చి పెట్టుకున్నా, తెలుసునా?" అన్నాడు గొంతు తగ్గించి. "ఆ మూల దాచినా. దిష్టి తియ్యకుండా ఎట్ల పోనిచ్చేది? నా మగ్గాలు అవి."

లేచాడు. మూలనుంచి గంధం గిన్నె, కుంకుమ పొట్లం, నెత్తిన పెట్టుకునేంత బూడిద గుమ్మడికాయ బయటికొచ్చాయి. టార్పాలిన్లు ఒక్కొక్కటే లేపి మగ్గాలకి బొట్లు పెడుతూ పోయాడు. చివరికి బల్ల దగ్గరికొచ్చి కొత్త బోర్డుకీ ఒక బొట్టు పెట్టాడు. ఎస్కేప్ కీ నడినెత్తిన గంధం, దాని మీద కుంకుమ.

క్రోల్ గిర్రున తిరిగాడు. "ఏమిటిది?"

"చెయ్యనివ్వు," అంది అభినయ ఇంగ్లీషులో, తాపీగా. "తాళంచెవి అతని దగ్గరుంది. అతను అలిగితే అదీ అలుగుతుంది. కొనేవాళ్లు ఇంకా లైనులోకి రాలేదు కదా."

కర్పూరం వెలిగింది. పచ్చయ్యప్ప కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఆ చాలాసేపుకి చెంగల్రాయుడు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు. చెవులు మాత్రం బోర్డు మీదే ఉన్నాయి. చిన్న చిటుకు వినబడుతుందేమోనని చూస్తున్నాడు. ఏమీ వినబడలేదు.

"ఇంక రేపు పొద్దున దాకా ఎవురూ దేన్నీ తాకకూడదు," అన్నాడు పచ్చయ్యప్ప కళ్లు తెరిచి.

అభినయ అనువాదం చేసింది. క్రోల్ నవ్వాడు. "చెప్పు. ఆ కాయని తీసుకెళ్లి వీధిలో పగలగొట్టుకుని రమ్మను. వెంటనే తలుపు వెయ్యాలి."

తాళం తిరిగింది. ఎన్ని నెలల తర్వాతో ఆ తలుపు పూర్తిగా తెరుచుకుంది. సాయంత్రపు ఎండ మగ్గాల మీద పడింది. పచ్చయ్యప్ప గుమ్మం బయట నిలబడి, కాయ మీద కర్పూరం వెలిగించి, షెడ్డుకి చూపించి తిప్పాడు. రెండు చేతులా ఎత్తి గడప ముందే నేలకి కొట్టాడు. వీధులు తిరిగే మునిసిపాలిటీ వాళ్లు బండ్లు జారతాయని ఏటా మైకులో బతిమాలేది సరిగ్గా ఇది చెయ్యొద్దనే. తెల్లటి కండ, ఎర్రటి కుంకుమ నీళ్లు గడప పొడుగునా చిమ్మాయి.

"లైన్ వచ్చింది," అన్నాడు క్రోల్. పిస్తోలు చెంగల్రాయుడికి గురిపెట్టి, ఎడమచేత్తో 'ఏ' నొక్కాడు.

పచ్చ లైటు.

'ఎల్'. పచ్చ లైటు.

తెల్లడబ్బా. తెల్లడబ్బా తియ్యాల్సింది, అనుకున్నాడు చెంగల్రాయుడు. చివరిసారి ఎయిర్‌పోర్టులో ధరణి, "మామా, అక్కడ మన ఊరి పొరి దొరకదేమో" అన్న మాట చెవిలో మోగింది. అంతకన్నా పెద్ద మాట అప్పుడు ఇద్దరికీ తోచలేదు.

'ఎంటర్'. పచ్చ లైటు.

క్రోల్ వేలు ఎస్కేప్ మీద, గంధం బొట్టు మీద వాలింది. నొక్కింది.

చిటుకు.

పసుపెక్కిన కాప్ నిలువునా రెండు చెక్కలై స్విచ్‌కి చెరో పక్క ఒరిగింది. లైటు ఒక్క క్షణం పచ్చగా మెరవబోయి, ఎర్రగా మారి, ఆరిపోయింది. ఫోనులో ఎవరో ఏదో భాషలో గట్టిగా అరిచి పెట్టేశారు.

క్రోల్ తన వేలి చివర అంటుకున్న కుంకుమని చూశాడు. తర్వాత పిస్తోలు ఎత్తి చెంగల్రాయుడి నుదుటికి ఆనించాడు. "ఏం చేశావు?"

సరిగ్గా అప్పుడే, మనిషి అలికిడి లేని ఆ మూతబడ్డ షెడ్ల సందులో, ఒక గొంతు లేచింది.

"పొరీ... కడలే... పొరీ!"

"పోలీసులు!" అంది అభినయ, మగ్గం మీంచి దూకి. "క్రోల్, వాణ్ణి వదిలెయ్! ముందు తలుపు! వ్యాను అక్కడే ఉంది, పరుగెత్తు!"

అయిదు దేశాల్లో అతన్ని కాపాడింది ముందు తలుపే. క్రోల్ పెట్టెని చంకన పెట్టుకుని పరుగెత్తాడు. గడప దాటి మొదటి అడుగు గుమ్మడికాయ మీద వేశాడు. రెండో అడుగు వెయ్యలేదు. ఇస్త్రీ సూటు గాలిలోకి లేచి, కుంకుమ నీళ్లలో వెల్లకిలా పడి, పచ్చయ్యప్ప కాళ్లదాకా జారుకుంటూ పోయింది. పిస్తోలు ఒకవైపు, పెట్టె ఒకవైపు. దేవేంద్రన్ పొరి బుట్ట కింద పెట్టి, తీరిగ్గా వచ్చి అతని చేతులకి బేడీలు వేశాడు. మఫ్టీలో ఉన్న అయిదారుగురు స్కానరువాణ్ణి గోడకి ఆనించారు.

"యాడున్నానని ఎట్ల కనుక్కున్నావు?" అని అడిగాడు చెంగల్రాయుడు, గుమ్మం దగ్గర కూలబడి.

"సందు సందూ తిరుగుతా ఉండా సార్. అన్నీ మూతబడిన షెడ్లే. మనిషే లేని షెడ్డుకి పూసనికాయ ఎవురు కొడతారు?"

పచ్చయ్యప్ప నేలమీది దొరని, పగిలిన కాయని మార్చి మార్చి చూశాడు. "దిష్టి బాగా పోయినట్టుండాదే," అన్నాడు సందేహంగా. విచారణకి తనని జీపు ఎక్కిస్తుంటే, మగ్గాల మీద టార్పాలిన్లు కప్పొద్దని, గాలి తగలనివ్వమని మాత్రం మరీ మరీ చెప్పాడు.

అభినయ పక్కన వచ్చి కూర్చుంది. చలువకళ్లద్దాలు తీసేస్తే మనిషి బాగా అలిసిపోయినట్టుంది. సంచిలోంచి పుల్లర్ తీసి అతని ఒళ్లో వేసింది.

"ఇది నీ జేబులో ఉండి స్కానరు కూసుంటే, గడప దగ్గరే కాల్చేసుండేవాడు అన్నా. నీ దగ్గర తీసుకున్నాక దీన్ని నొక్కుదామంటే నా పక్కనే వాడి మనిషి. నొక్కేదానికి ఒక్క నిమిషం సందు దొరకలేదు."

"నన్ను అమ్మేసినావు అనుకుంటి."

"తెలుసు. నీ మొహం అట్ల ఉండబట్టే వాడు నన్ను నమ్మినాడు."

చెంగల్రాయుడు నవ్వాడు. "నల్లడబ్బా తీసినప్పుడు నా ప్రాణం నా దగ్గర లేదు. తెల్లది తీసుంటే ఏమయ్యేది?"

"ఏమీ కాదు. రెండూ నేనే కొన్నా. రెండు డబ్బాలూ ఆ చెడిపోయిన లాటే. ఏది తీసినా చీలేదే." ఆమె అద్దాలు మళ్లీ పెట్టుకుంది. "కాకుంటే, వేరే తెలిసినోడైతే చీలుతుందని వాడికి చెప్పేస్తాడు. తెలిసీ తెలియనట్టు పెట్టే చెయ్యి ఒకటి కావాల్సి వచ్చె. అందుకే నిన్ను పిలిపించినా."

మూడోనాడు, మనిషి చేరాక, తివాచీల దుకాణం నుంచి మొదటి కబురు వచ్చింది. రాజామణి దాన్ని చదివి, బల్లమీదుగా చెంగల్రాయుడి వైపు తోసింది. లైను మార్చినట్టు తెలిసిందనీ, క్షేమమనీ ఉంది. కింద ఇంకొక వాక్యం ఉంది. "మామకి చెప్పండి, పండగ పొరి ఎవరైనా వస్తే పంపమని." చెంగల్రాయుడు దాన్ని రెండుసార్లు చదివి, కిటికీ వైపు తిరిగాడు. రాజామణి అతను తిరిగేదాకా టీ తాగుతూ కూర్చుంది.

చీలిన ఎస్కేప్ కాప్ రెండు చెక్కలూ బల్లమీద ఉన్నాయి. గంధం ఎండి అంటుకుపోయి ఉంది. వాటిని రఘు ఫొటో ముందు పెడతానని చెంగల్రాయుడు అడిగాడు, ఆమె తల ఊపింది. తర్వాత కళ్లజోడు సవరించుకుని రిపోర్టు తిరగేసింది.

"ఒక గడి ఖాళీగా వదిలేశారు. ఆపరేషన్‌లో మీరు వాడిన ఆయుధం?"

"ఆ రోజు ఆయుధం తాకకూడదు కదా మేడమ్," అన్నాడు చెంగల్రాయుడు. "కూరగాయ అని రాసుకోండి."